కాపర్ టీ, తెల్లబట్ట, నడుంనొప్పి: గర్భసంచి తీయించేయమంటున్నారు, ఏం చెయ్యను?

విభాగం: ఆడవాళ్ళ ఆరోగ్యం

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 11:20)

అందరికీ నమస్కారమండి. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నాకు 31. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి రెండేళ్ళ నాలుగు నెలలు. దాని కాన్పప్పుడే కాపర్ టీ వేశారు. వేశారని నాకు తెలిసింది మాత్రం ఇంటికి పంపించే రోజున, కార్డు చేతిలో పెట్టి "పదేళ్ళ దాకా దిగుల్లేదమ్మా" అన్నప్పుడు. సరేలే, మంచిదే కదా అనుకున్నాను.

ఇప్పుడు నాలుగు నెలలుగా తెలుపు అవుతోంది. పల్చగా, బూడిదరంగులో, నీచు వాసన. ఆయనతో కలిసిన మర్నాడు ఆ వాసన మరీ ఎక్కువ. నడుం లాగేస్తోంది. నెలసరి ఇదివరకు నాలుగు రోజులు, కాపర్ టీ వేశాక ఏడు రోజులు. మా అత్తగారేమో "లూపు పెట్టించుకున్నవాళ్ళ సంచి కుళ్ళిపోతుంది, మా పిన్నికి అలాగే అయింది" అంటారు.

మొన్న టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్కి వెళ్ళాం. స్కాన్ తీసి, లోపల చూసి, "సంచి మూతి దగ్గర పుండు ఉంది. ఇద్దరు పిల్లలున్నారుగా, సంచి తీయించేసుకో. వదిలేస్తే కేన్సర్ అవుతుంది" అన్నారు. ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదండి. మా ఆయన అప్పుడే డబ్బులు సర్దే పనిలో పడ్డారు.

ఇదంతా కాపర్ టీ వల్లేనా? అది తీయించేస్తే చాలా, లేక సంచి కూడా తీయించాలా?

పాలమూరు_పిల్ల (ఆదివారం, రాత్రి 11:52)

అక్కా, ముందుగాల ఆపరేషన్ మాట పక్కన పెట్టు. నాకు గూడ గిట్లనే తెల్లబట్ట అయింది, కాపర్ టీ ఏసుకున్న రెండో యేడు. మా ఇంట్ల గూడ అందరు దాన్నే తిట్టిండ్రు. నేను పోయి తీసేయమన్న. జిల్లా దవాఖానల సురక్ష క్లినిక్ అని ఉంటది, ఆడ మేడం తీయలే. పరీక్ష చేసి ట్రైకోమోనాస్ అనే ఇన్‌ఫెక్షన్ అన్నది. పచ్చ ప్యాకెట్ల గోళీలు ఇచ్చింది, మా ఆయనకు గూడ. ఆయన మింగనంటే మింగన్నడు, "నాకేం రోగం" అని. మళ్ళ నాకే తిరగబెట్టింది. రెండోసారి మేడం ముంగటనే మింగించిన. గంతే, పోయింది. కాపర్ టీ ఇప్పటికీ ఉంది, ఆరేండ్లు అయితుంది.

నీది కూడ గదే అని నేను అంటలేను. పరీక్ష చేయకుండ తీసుడెందుకు అని అంటున్న.

వేరుశెనగ (సోమవారం, ఉదయం 5:40)

అనంతపురం జిల్లా నుంచి రాస్తాండాను. ఇప్పుడు నాకు 52.

ఇరవై ఒకటికి పిల్లల ఆపరేషన్ చేసినారు. ఇరవై తొమ్మిదికి తెల్లబట్ట అని పోతే ఇదే మాట చెప్పినారు నాకు, పుండు, కేన్సర్ అని. మాటకు మాట అదే. నేను మారు మాట్లాడలేదు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేసినారని నాకు మూడేండ్లకు తెలిసింది, వేరే డాక్టరు కాగితాలు చూసి చెప్తే. అప్పటికే ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రిళ్ళు చెమటలు, నలభై రాకముందే మోకాళ్ళు. కూలికి పోయేదాన్ని, పోలేకపోయినాను. ఆపరేషన్ అప్పు తీర్చను మా ఆయన బెంగళూరు పోయినాడు.

తెల్లబట్ట తగ్గిందా అంటే తగ్గింది. దానికి పది రూపాయల మాత్ర సరిపోయుండేదేమో అని ఇప్పటికీ అనుకుంటా ఉంటాను. ఇంకొక డాక్టరమ్మకు చూపించకుండా సంతకం పెట్టొద్దు తల్లీ.

ఓపీ_రూమ్_7 (సోమవారం, మధ్యాహ్నం 3:15)

గోదారిగట్టు గారూ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో గైనకాలజిస్టుని. మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు చెప్పను, మందు రాయను. కానీ మీరు రాసినదాంట్లో కొన్నిటికి చూడకుండానే జవాబుంది.

ముందు ఆ "పుండు" సంగతి. దీన్ని విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. గర్భసంచి మూతికి బయటివైపు ఉండే పొర నున్నగా, లేత గులాబీరంగులో గట్టిగా ఉంటుంది. లోపలి దారి పొర ఎర్రగా, మెత్తగా, జిగురు ఊరుతూ ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళలో, గర్భిణుల్లో, ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్న గర్భం రాకుండా వాడే మాత్రలు వేసుకునేవాళ్ళలో ఆ లోపలి పొర కొంచెం బయటికి పొర్లి కనిపిస్తుంది. చూస్తే తోలు గీసుకుపోయిన మోకాలులా ఉంటుంది. పాత రోజుల్లో దాన్ని ఎరోజన్ అన్నారు, మనవాళ్ళు పుండు అన్నారు. ఇప్పటి పేరు ఎక్ట్రోపియన్. అది పుండూ కాదు, కేన్సర్‌కి తొలిమెట్టూ కాదు. ఒక్కోసారి తెలుపు ఎక్కువ చేస్తుంది, కలిసినప్పుడు చుక్క రక్తం కనిపించవచ్చు, అంతే. దానికోసం 31 ఏళ్ళ మనిషికి సంచి తీయరు.

ఆ ఎరుపులో నిజంగా తేడా ఏమైనా ఉందా అని తేల్చుకోవడానికి వీఐఏ అనే పరీక్ష ఉంది. పల్చని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ లాంటిదే, మూతికి పూసి ఒక నిమిషం ఆగి చూస్తాం. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. 30 నుంచి 65 ఏళ్ళ మధ్య ఐదేళ్ళకోసారి చెయ్యాలని మన జాతీయ కార్యక్రమంలోనే ఉంది. పాప్ స్మియర్ (మూతి దగ్గరి కణాలు తీసి చూడటం), హెచ్‌పీవీ అనే వైరస్ ఉందా అని చూసే పరీక్ష కూడా ఉన్నాయి. ఇవేవీ చెయ్యకుండా కేన్సర్ అన్న మాట వాడటం భయపెట్టడమే. పొట్ట మీద స్కాన్‌లో ఈ "పుండు" కనపడదు కూడా.

ఇక కాపర్ టీ. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది ఎక్కువగా 380ఏ, పదేళ్ళు పనిచేస్తుంది. 375 రకమైతే ఐదేళ్ళు. రాగి కొద్దికొద్దిగా కరుగుతూ వీర్యకణాలను పనిచెయ్యనివ్వదు. దానివల్ల వచ్చే ఇబ్బందులు దాచనక్కర్లేదు. నెలసరి రక్తం పెరుగుతుంది, కొందరిలో సగానికి సగం పెరుగుతుంది. మనలో చాలామందికి ముందే రక్తం తక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మీ నాలుగు రోజులు ఏడవడానికి కారణం అదే కావచ్చు. రెండోది బాక్టీరియల్ వెజైనోసిస్. యోనిలో మంచి సూక్ష్మజీవులు తగ్గి వేరేవి పెరగడం. పల్చని బూడిదరంగు తెలుపు, నీచు వాసన, కలిసాక వాసన పెరగడం దాని గుర్తులే. కాపర్ టీ వాడేవాళ్ళలో ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కానీ దీనికి మాత్రలున్నాయి, వారంలో తగ్గుతుంది. తగ్గడానికి కాపర్ టీ తియ్యాల్సిన పని లేదు.

అందరూ భయపడేది మూడోది, ఇన్‌ఫెక్షన్ పైకి ఎక్కి అండం వచ్చే ట్యూబులు పాడవడం. దీని వెనక ఒక కథ ఉంది. అమెరికాలో 1971 నుంచి 1974 దాకా డాల్కన్ షీల్డ్ అనే లూపు అమ్మారు. దాని దారం ఒక్క పోగు కాదు, సన్నపోగుల కట్ట మీద తొడుగు. దీపం వత్తి నూనె పీల్చినట్టు అది కింది సూక్ష్మజీవులను పైకి పీల్చింది. వేలమంది ఆడవాళ్ళు దెబ్బతిన్నారు, కంపెనీ దివాలా తీసింది. ఆ మచ్చ అన్ని లూపులకూ అంటుకుంది. ఇప్పటి కాపర్ టీ దారం ఒక్క పోగే.

1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాచారంతో దాదాపు 23 వేల మంది మీద లెక్క తీశారు. వేసిన తొలి 20 రోజుల్లో ఇన్‌ఫెక్షన్ ముప్పు తర్వాతికన్నా ఆరు రెట్లకు పైగా ఉంది. ఆ తర్వాత బాగా తగ్గిపోయి, ఏళ్ళ తరబడి అలాగే తక్కువగా ఉంది. అంటే అపాయం లోపలున్న రాగి వల్ల కాదు, వేసేటప్పుడు కింద ఉన్న సూక్ష్మజీవులు పైకి చేరడం వల్ల. అందుకే క్లమిడియా, గనేరియా లాంటి సుఖవ్యాధులు, చీము కారే తెలుపు ఉన్నప్పుడు వెయ్యకూడదు, ముందు మందు వాడాలి. 2001లో మెక్సికో నగరంలో పిల్లలు లేని ఆడవాళ్ళను పరిశీలిస్తే, ట్యూబులు మూసుకుపోవడానికీ కాపర్ టీకీ సంబంధం కనపడలేదు. పాత క్లమిడియా గుర్తులకీ దానికీ కనపడింది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది: స్పెక్యులమ్ అనే పరికరం లోపల పెట్టి చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అంటే స్కాన్ ఒక్కటే కాదు. దారాలు కనిపిస్తున్నాయా చూస్తారు, తెలుపు పరీక్ష చేస్తారు, వీఐఏ చేస్తారు. హిమోగ్లోబిన్ తప్పకుండా చేయించండి. జ్వరం, పొత్తికడుపులో గట్టి నొప్పి, కలిసినప్పుడు లోపల నొప్పి, వీటిలో ఏదున్నా ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి. నెల తప్పినా అంతే.

చివరగా, మీకు చెప్పకుండా వేశారన్నారు. అది తప్పు. కాన్పు నొప్పులు మొదలవకముందే, గర్భిణిగా వచ్చినప్పుడే మాట్లాడి ఒప్పుకుంటేనే వెయ్యాలి.

ప్రకృతి_మార్గం (సోమవారం, సాయంత్రం 6:02)

డాక్టర్లు ఇలాగే చెబుతారు. శరీరంలో లోహం పెట్టుకుంటే వేడి చెయ్యదా? వేపాకు, పసుపు వేసి మరిగించిన నీళ్ళతో రోజూ లోపల కడుక్కుంటే తెల్లబట్ట 21 రోజుల్లో మాయం. మా అమ్మమ్మల కాలంలో ఈ ప్లాస్టిక్కులూ ఇంజెక్షన్లూ ఉన్నాయా? ఏ డాక్టరూ వేసే ముందు ఇన్ని విషయాలు చెప్పదు, ఇప్పుడు ఇక్కడ చెబుతున్నారు.

సైకిల్_ఏఎన్‌ఎమ్ (సోమవారం, రాత్రి 8:30)

ప్రకృతి గారూ, మీ అమ్మమ్మల కాలంలోనే బాబూ లూపు వచ్చింది. 1965లో లిప్పిస్ లూపని, పాములా మెలికలు తిరిగిన ప్లాస్టిక్కు. శ్రీకాకుళం జిల్లాలో 34 ఏళ్ళు ఏఎన్‌ఎమ్‌గా, అంటే ఊళ్ళ నర్సుగా, సైకిల్ మీద తిరిగాను, ఆ లూపు వేయించుకున్న ముసలమ్మలు ఎంతమందో కనిపించారు. అప్పట్లో టార్గెట్లు పెట్టి, ఎవరికి పడితే వాళ్ళకి వేసేసి, మళ్ళీ మొహం చూడలేదు. రక్తం పోయి పోయి నీరసపడిపోయారు. మన అత్తగార్ల నోట "లూపు" అన్న మాటలో ఇంకా ఆ భయమే ఉంది. వాళ్ళని తప్పు పట్టలేం.

మీ చివరి వాక్యం మాత్రం నిజం. చెప్పరు. నేనూ చాలాసార్లు చెప్పలేదు, నెలాఖరుకి లెక్క రాయాలి కదా.

ఓపీ_రూమ్_7 (సోమవారం, రాత్రి 9:11)

లోపల కడుక్కోవడం ఒక్కటీ మానండి దయచేసి. వేప నీళ్ళయినా, డెట్టాలయినా, సబ్బయినా. యోని లోపల సహజంగా పులుపుంటుంది. పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే అక్కడ ఆ పులుపును నిలబెడతాయి, చెడ్డవాటిని రానివ్వవు. కడిగినకొద్దీ అవి పోయి వెజైనోసిస్ తిరగబెడుతుంది. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు.

వీర్యకణాలను చంపే మందుబిళ్ళలు లోపల పెట్టుకునేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోండి. వాటిలో నోనాక్సినాల్-9 ఉంటుంది. తరచుగా వాడితే లోపలి పొరను చెరుపుతుంది, హెచ్‌ఐవీ ముప్పు ఉన్నచోట ఆ ముప్పునీ పెంచుతుంది.

నిర్వాహకురాలు (సోమవారం, రాత్రి 9:20)

మందుల మోతాదులు రాసిన రెండు పోస్టులు తీసేశాను. అనుభవాలు రాయండి, చీటీలు రాయకండి.

క్యూబికల్_కబుర్లు (మంగళవారం, ఉదయం 10:05)

ఈ చర్చలోనే అడుగుతున్నా, విడిగా తెరవాలంటే చెప్పండి. నాకు 28, హైదరాబాద్. పెళ్ళయి మూడేళ్ళు, ఆరేళ్ళుగా గర్భం రాకుండా వాడే మాత్రలు (మొదట పీసీఓఎస్‌కి, అంటే అండాశయంలో నీటిబుడగలకి ఇచ్చారు). మాత్రలు ఎక్కువకాలం వాడితే గర్భసంచి మూతి కేన్సర్ వస్తుందని చదివి నిద్ర పట్టట్లేదు. నిజమేనా?

లీసెస్టర్_లలిత (మంగళవారం, మధ్యాహ్నం 1:40)

క్యూబికల్ గారూ, నేనూ మీలాగే చదివి కంగారుపడి ఇక్కడి నర్సుని అడిగాను. ఆవిడ అన్న మాట: "మాత్ర మానడం కన్నా స్మియర్‌కి రావడం ముఖ్యం." ఇక్కడ ఆ పరీక్షకి ఉత్తరం వేసి మరీ పిలుస్తారు. మనూళ్ళో ఎవరూ పిలవరు, అదీ తేడా.

ఇంకొకటి. కాపర్ టీని ఇక్కడ కాయిల్ అంటారు. హార్మోన్ కాయిల్ అని ఇంకో రకం ఉంది, మిరెనా అని పేరు విని ఉంటారు. కాపర్ టీ రక్తం పెంచితే ఇది బాగా తగ్గిస్తుంది. గుంటూరులో మా అమ్మకి నెలసరి విపరీతంగా అయ్యేది. సంచి తీసేద్దామన్నారు. నేను ఫోన్లో పోట్లాడి ఇది వేయించాను. మూడు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించి నన్ను తిట్టింది. నాలుగో నెల నుంచి తిట్టడం మానేసింది. ఇప్పుడు మెనోపాజ్ దాటేసింది, సంచి దాని చోట అది ఉంది.

ఓపీ_రూమ్_7 (మంగళవారం, రాత్రి 10:30)

క్యూబికల్ గారూ, మీరు చదివింది సగం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే హార్మోన్లు కలిసిన మాత్రలు ఐదేళ్ళు దాటి వాడుతున్నవాళ్ళలో మూతి కేన్సర్ ముప్పు, అసలు వాడనివాళ్ళతో పోలిస్తే, దాదాపు రెట్టింపు కనిపించింది. మానేశాక తగ్గుతూ పదేళ్ళకి మామూలు స్థాయికి వస్తుంది. కానీ ఆ కేన్సర్‌కి అసలు కారణం హెచ్‌పీవీ. అది లేకుండా మాత్ర ఒక్కటే కేన్సర్ తేలేదు. మిగతా సగం ఏమిటంటే, ఇవే మాత్రలు అండాశయ కేన్సర్‌నీ, గర్భసంచి లోపొర కేన్సర్‌నీ తగ్గిస్తాయి. మానేసిన తర్వాత కూడా ఆ రక్షణ దశాబ్దాల పాటు ఉంటుంది. పీసీఓఎస్‌లో నెలల తరబడి ముట్టు రాక లోపొర మందమవుతుంది, మీకు మాత్ర ఇచ్చిన కారణాల్లో అదొకటి అయి ఉంటుంది.

30 దాటాక పరీక్షలు మొదలుపెట్టండి. హెచ్‌పీవీ టీకా గురించి మీ డాక్టర్ని అడగండి. తెల్లబట్ట విషయంలో మాత్రలవాళ్ళకి వెజైనోసిస్ తక్కువే, కొందరిలో దురదతో పెరుగు గడ్డల్లాంటి తెలుపు, అంటే ఫంగస్, ఎక్కువ. 35 దాటాక పొగ తాగే అలవాటు, బీపీ, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, కాళ్ళలో రక్తం గడ్డ కట్టిన చరిత్ర, వీటిలో ఏదున్నా ఈ మాత్రలు మీకు కావు. ఆరు నెలల లోపు పాలిచ్చే తల్లులకీ కావు.

పాలమూరు_పిల్ల (బుధవారం, ఉదయం 7:15)

మేడం, మా చెల్లె పిల్లలు కాకుండ అంతర సూది ఏసుకుంటుంది. యేడాదిగ ముట్టే వస్తలేదు. చెడు రక్తం లోపలనే గడ్డ కడుతుందని మా అమ్మ లొల్లి.

సైకిల్_ఏఎన్‌ఎమ్ (బుధవారం, ఉదయం 9:00)

దీనికి నేను చెప్తాను, డాక్టరమ్మ ఓపీలో ఉంటారు. మీ అమ్మకి ఇలా చెప్పమ్మా: ముట్టు అంటే లోపల నెలనెలా వేసిన పరుపు ఊడిపోవడం. సూది వేసుకున్నప్పుడు లోపల పరుపే వెయ్యదు. వెయ్యని పరుపు ఊడదు, ఊడనిది గడ్డ కట్టదు. నేను చెప్పిన ఈ మాటకి ఎన్ని ఊళ్ళలో నవ్వారో.

అంతర ప్రభుత్వం 2017లో తెచ్చింది, మూడు నెలలకో సూది. మొదట్లో చుక్కలు చుక్కలుగా అవుతుంది, అందుకే సగంమంది రెండో సూదికి రారు. యేడాదయ్యేసరికి చాలామందికి ముట్టు ఆగిపోతుంది. ముందే చెప్పాల్సినవి రెండు. సూది మానేశాక మళ్ళీ నెల నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు, కాబట్టి వచ్చే యేడు బిడ్డ కావాలనుకునేవాళ్ళకి ఇది కుదరదు. ఎముకల బలం కొంచెం తగ్గుతుంది, మానేశాక తిరిగొస్తుంది.

హార్మోన్ వద్దనుకునేవాళ్ళకి ఛాయ మాత్ర ఉంది. లక్నో ప్రభుత్వ ప్రయోగశాలలో కనిపెట్టారు, సహేలీ పేరుతో 1991 నుంచి ఉంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. రోజు మర్చిపోతారని మేం క్యాలెండర్ మీద బొట్టు పెట్టించేవాళ్ళం. దీంతో ముట్టు ఆలస్యంగా రావచ్చు, కంగారు పడకూడదు. అండాశయంలో నీటిబుడగలున్నవాళ్ళకి మాత్రం ఇవ్వరు.

వేరుశెనగ (బుధవారం, రాత్రి 9:48)

పిల్లల ఆపరేషన్ గురించి ఎవరూ మాట్లాడలేదే. మా ఊర్లో ఎవరినడిగినా ఆపరేషన్ తర్వాతనే నడుం పోయింది, ముట్టు ఎక్కువయింది, తెల్లబట్ట మొదలయింది అంటారు. నాదీ అదే మాట.

లెక్కల_మాస్టారు (బుధవారం, రాత్రి 10:26)

అంకెలు చూద్దామా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ట్యూబెక్టమీ, అంటే పిల్లల ఆపరేషన్, అయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 70, తెలంగాణలో దాదాపు 62, దేశంలో 38. మగవాళ్ళ వేసెక్టమీ దేశం మొత్తం మీద 0.3. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురైతే మన రెండు రాష్ట్రాల్లోనూ ఎనిమిదికి పైనే. రెంటిలోనూ ముందు వరసలో ఉన్నది మనమే.

ఓపీ_రూమ్_7 (గురువారం, రాత్రి 10:10)

వేరుశెనగ అమ్మా, మీ మాట కొట్టిపారెయ్యను. అమెరికాలో తొమ్మిదిన్నర వేలమంది ట్యూబెక్టమీ అయినవాళ్ళను ఐదేళ్ళు గమనించి 2000లో ఫలితాలు చెప్పారు. భర్తకు వేసెక్టమీ అయిన ఆడవాళ్ళతో పోల్చి చూస్తే, ఆపరేషన్ వల్ల నెలసరి పాడైనట్టు తేలలేదు. ఆపరేషన్‌లో కట్టేది ట్యూబులను, అండాశయాలు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. పైగా దారి మూసేయడం వల్ల ఇన్‌ఫెక్షన్ పైకెక్కడం తగ్గుతుంది, అండాశయ కేన్సర్ కూడా కొంత తగ్గుతుంది.

మరి ఊరంతా ఎందుకలా అంటారు? ఇరవై ఒకటికి ఆపరేషన్ అయితే ఆ తర్వాతి పాతికేళ్ళలో వచ్చే ప్రతి నొప్పీ "ఆపరేషన్ తర్వాతే" వస్తుంది. రెండు మూడు కాన్పులు, రక్తహీనత, వంగి నాట్లు వెయ్యడం, వీటన్నిటి నొప్పీ దాని ఖాతాలో పడుతుంది. ఇంకోటి, నేను రోజూ చూసేది. ఆపరేషన్ అయ్యాక ఆ మనిషిని ఆరోగ్య కేంద్రం మర్చిపోతుంది. కాపర్ టీ ఉంటే దారాలు చూడ్డానికైనా రమ్మంటారు. ట్యూబెక్టమీ అయిన ఆవిడని పిలిచేవాళ్ళు లేరు. పిల్లలు పుట్టరు కదా అని కండోమూ ఉండదు. భర్త దగ్గర్నుంచి ఇన్‌ఫెక్షన్ వస్తే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. చివరికి తెల్లబట్టతో వచ్చేసరికి, "పిల్లలయిపోయారుగా, సంచెందుకు" అంటారు. మాస్టారు చెప్పిన రెండు అంకెలు ఒకదాని పక్కన ఒకటి ఉండటానికి నాకు తోచే కారణం ఇది.

అనవసరంగా సంచులు తీయడం మీద కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది.

నల్గొండ_నాన్న (శుక్రవారం, ఉదయం 6:50)

మగోణ్ణి, మాట్లాడొచ్చా? 2022 ఆగస్టుల ఇబ్రహీంపట్నంల ఒక్క రోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిండ్రు, నలుగురు చనిపోయిండ్రు. మా ఆవిడ గూడ గప్పుడు క్యాంపుకు పోదామనుకుంటుండె. టీవీల చూసి నేనే ఆపిన. నేను వేసెక్టమీ చేయించుకున్న. కుట్లు గూడ లేవు, గంటసేపట్ల ఇంటికొచ్చిన. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్యం పరీక్ష చేయించుకున్నంక ఒదిలేసినం. బలం తగ్గుతదన్నరు, మొన్ననే 50 కిలోల బియ్యం బస్తా ఎత్తిన.

మా దోస్తులు నన్ను ఇప్పటికీ ఆట పట్టిస్తరు. నడువనియ్యి.

క్యూబికల్_కబుర్లు (శుక్రవారం, ఉదయం 9:30)

బస్తా అన్నకి ఒక దండం 🙏 ఈ పోస్టు మా ఆయనకి పంపించాను, చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

గోదారిగట్టు (రెండు వారాల తర్వాత, మంగళవారం, రాత్రి 10:55)

అందరికీ చాలా చాలా థ్యాంక్సండి. పెద్దాసుపత్రికి వెళ్ళాను. మొదటిరోజు చీటీ దగ్గరే పన్నెండయిపోయింది, రెండోరోజు మళ్ళీ వెళ్ళాను. డాక్టరమ్మ చిన్న వయసావిడ, బాగా చూశారు. వీఐఏ చేశారు, తెల్లబడలేదు. ఆవిడ కూడా పుండు కాదు, ఎక్ట్రోపియన్ అన్నారు. నేను ఆ పేరు ముందే చెప్పేసరికి "ఎక్కడ చదివావమ్మా" అన్నారు! తెలుపు వెజైనోసిసే. ఏడు రోజులు మాత్రలు ఇచ్చారు, వాసన పోయింది. దారాలు ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.4, ఐరన్ మాత్రలు రాశారు. నడుంనొప్పికి చిన్నదాన్ని ఎప్పుడూ ఎడమ చంకనే ఎత్తుకుంటావా అని అడిగారు. అవును.

కాపర్ టీ ఇప్పటికి ఉంచాను. మూడు నెలల్లో ఒంట్లో రక్తం (హిమోగ్లోబిన్) పెరక్కపోతే మార్చుకుందామన్నారు, ఏది కావాలో నన్నే ఆలోచించుకుని రమ్మన్నారు. బస్తా గారి పోస్టు మా ఆయనకి పైకి చదివి వినిపించాను. "చూద్దాంలే" అన్నారు. ఆపరేషన్‌కని సర్దిన డబ్బుతో బోరు మోటారు బాగు చేయించారు.

ఇంకొక సంగతి. మా అత్తగారికి 56, ముట్టాగి ఆరేళ్ళయింది. నిన్న వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ వెనిగర్ పరీక్ష నాకూ చేస్తారా" అని అడిగారు. చేస్తారా అండి?

ఓపీ_రూమ్_7 (మంగళవారం, రాత్రి 11:30)

తప్పకుండా తీసుకురండి. ముట్టాగాక మేం చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది, వీఐఏతో సరిగ్గా అందదు. ఆవిడకి పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ మేలు. ముట్టాగిన తర్వాత ఎప్పుడైనా చుక్క రక్తం కనిపించిందేమో మీరే మెల్లగా అడగండి. మాకు చెప్పరు.

గోదారిగట్టు (మంగళవారం, రాత్రి 11:41)

అడిగానండి, లేదన్నారు. రేపు సంత, కుదరదట. గురువారం ఇద్దరం మొదటి బస్సుకి వెళ్తాం.